అవ్వ చింతపిక్కల లెక్క

మా అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ సంఖ్యాకాండము ఏడో అధ్యాయంలో ఎంతమంది కానుకలు తెచ్చారో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి నాకు తెలియక, 1981లో ఒక రాత్రి అన్నం చల్లారిపోయేదాకా బైబిలు ముందు కూర్చోవలసి వచ్చింది.

ఒంగోలు వైపు మద్దిపాడు దగ్గర, గుండ్లకమ్మ ఏటికి కూతవేటు దూరంలో, ఊరికి ఎడంగా ఉండేది మా పల్లె. నలభై ఇళ్లుంటాయేమో. మధ్యలో పెంకుల చర్చి, దాని ముందు వేపచెట్టు, కొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క. అదే మా గంట. అమ్మా నాన్నా పొగాకు బ్యారన్ల దగ్గరికి, అంటే ఆకు కాల్చే కొట్టాల దగ్గరికి, పనికి పోయేవాళ్లు. ఇంట్లో తడుముకోకుండా చదవగలిగింది ఐదో తరగతిలో ఉన్న నేనొక్కణ్ణే. అందుకని రాత్రిపూట అవ్వకు బైబిలు చదివి వినిపించే పని నా మెడకు చుట్టుకుంది.

రోజుకొక అధ్యాయం. ఆదికాండము ఒకటి నుంచి మొదలు. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క అంటే ఒప్పుకునేది కాదు. అధ్యాయం అయిపోగానే మొలలో దోపుకున్న సంచిలోంచి ఒక చింతపిక్క తీసి, పాత పాలపొడి డబ్బాలో వేసేది. టక్ మని శబ్దం. ఆ శబ్దం వినపడితేనే నాకు విడుదల.

ఆదికాండము నాకు నచ్చింది. యోసేపు కథ అయితే నేనే ఇంకో అధ్యాయం చదువుతానని బతిమాలేవాణ్ణి. నిర్గమకాండములో ఎర్రసముద్రం దాటేదాకా బాగానే ఉంది. గుడారం కొలతల దగ్గర నీరసం మొదలైంది. లేవీయకాండము ఎట్లా గడిచిందో నాకే తెలియదు. అట్లా ఈడ్చుకుంటూ సంఖ్యాకాండములోకి వచ్చి పడ్డాం.

ఏడో అధ్యాయం 89 వచనాలు. బలిపీఠం ప్రతిష్ఠకు ఇశ్రాయేలు గోత్రాల ప్రధానులు రోజుకొకరు కానుకలు తెస్తారు. మొదటి రోజు యూదా గోత్రపు నయస్సోను. నూట ముప్పది తులముల వెండి గిన్నె, డెబ్బది తులముల వెండి ప్రోక్షణపాత్ర, పది తులముల బంగారు ధూపార్తి, ఆ తర్వాత కోడె, పొట్టేలు, గొఱ్ఱెపిల్ల, మేకపిల్ల. రెండో రోజు ఇశ్శాఖారు గోత్రపు నెతనేలు. అవే గిన్నెలు, అదే ధూపార్తి, అవే పశువులు. కింద వేలు పెట్టి చూశాను. మూడో రోజూ అంతే. పేజీ తిప్పాను. పన్నెండో రోజూ అంతే. బయట పిల్లలు వెన్నెల్లో ఆట మొదలుపెట్టేశారు. కేకలు వినపడుతున్నాయి.

వచన భాష నాకు అప్పటికే బాగా పట్టుబడింది. గొంతు కూడా మార్చకుండా, "మిగిలిన ప్రధానులందరును ఆ ప్రకారమే తమతమ అర్పణములను తెచ్చిరి" అని చదివేసి బైబిలు మూశాను. ఇప్పుడు తలచుకున్నా, పదేళ్ల పిల్లవాడికి అది మంచి రచనే.

టక్ మని శబ్దం రాలేదు.

తలెత్తి చూస్తే అవ్వ కుడిచేయి ఒళ్లో ఉంది. బొటనవేలు చూపుడువేలి రెండో కణుపు మీద ఆగి ఉంది. నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు. మొదటి అధ్యాయంలో పన్నెండుమంది ప్రధానుల పేర్లు చదివినప్పటి నుంచి ఆమెకు ఆ లెక్క గుర్తుంది. ఒక్కొక్కరు రాగానే బొటనవేలు ఒక కణుపు జరుగుతూ వస్తోంది.

"పన్నెండు మంది గదరా వాళ్లు. నువ్వు ఇద్దరివే సదివావు. మిగతా పదిమంది కానుకలు యాడబోయినాయి?"

"అన్నీ ఒకటే అవ్వా. మొదటాయన ఏం తెచ్చాడో అందరూ అవే తెచ్చారు."

"అవే తెచ్చారని బైబిల్లో ఉందా, నువ్వు కలిపావా?"

నేను మాట్లాడలేదు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. "దీపం వత్తి పెంచు" అంది. మూడో రోజు ఏలీయాబు నుంచి పన్నెండో రోజు నఫ్తాలి గోత్రపు అహీర దాకా చదివించింది. పది సార్లు నూట ముప్పది తులముల వెండి గిన్నె. చివరికొచ్చేసరికి నాకు ఏడుపు గొంతులోకి వచ్చింది. బొటనవేలు చిటికెనవేలి చివరి కణుపుకి చేరాక, మిగిలిన ఆరు వచనాలూ విని, అప్పుడు వేసింది పిక్క.

అన్నం తింటుంటే నెమ్మదిగా అంది. "పన్నెండో రోజు వచ్చినాయన పదకొండు రోజులు గిన్నె పట్టుకోని నిలబడ్డాడురా. నా వంతు ఎప్పుడొచ్చిద్దా అని. దేవుడు ఆయనది గూడా మొదటాయనది రాయించినట్టే రాయించాడు. నువ్వెవరివి కొట్టేయటానికి?"

ఆ మాట వెనక ఏముందో నాకు ఏడాది ముందు నుంచీ తెలుసు. అప్పటిదాకా రెండూ కలిపి చూసుకోలేదు, అంతే.

మా చర్చిలో కోతపండగ జరిగేది. ఎవరికి పండింది వాళ్లు తెచ్చేవాళ్లు. గుమ్మడికాయలు, శనగలు, కోళ్లు, కుండలో నెయ్యి, ఒకళ్లిద్దరు మేకపిల్లలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాట పెట్టేవాళ్లు. అంతకు ముందు ఎవరు ఏం ఇచ్చారో పేరు పేరునా చదవడం ఆనవాయితీ. ఆ ఏడు అవ్వ ఒక కోడిపెట్టను ఇచ్చింది. గుడ్లు పెడుతున్న పెట్ట. ఎండ ముదిరి, జనం కదులుతున్నారు. జాబితా చదివే పెద్దమనిషి పెద్ద పెద్ద కానుకలన్నీ చదివి, "శ్రీమతి ఫలానా వగైరా" అని కాగితం మడిచేశాడు. ఆయన్ని తప్పు పట్టడం కూడా ఇప్పుడు నాకు కష్టంగానే ఉంది. అదే వేళకు ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. చేశాను కూడా.

ఇంటికొస్తుంటే దారిలో అవ్వ అడిగింది. "వగైరా అంటే ఎవర్రా?"

"మిగతావాళ్లు అవ్వా."

"అంటే నేనా?"

ఇంకేమీ అనలేదు.

ఆమె లెక్కల మనిషి కావడానికి వేరే కారణం కూడా ఉంది. పొగాకు రెలుపులప్పుడు, అంటే ఆకు కోతలప్పుడు, ఆడవాళ్లు బ్యారన్ దగ్గర కూర్చుని పచ్చాకును కర్రలకు కట్టేవాళ్లు. కర్రకింత అని కూలి. మేస్త్రి పుస్తకంలో రాసుకునేవాడు. వారం చివర పుస్తకంలో ఉన్నన్ని కర్రలకే డబ్బులు. చదువు రానివాళ్లకు పుస్తకం మీద ఏం నమ్మకం? అవ్వ కర్రకో చింతపిక్క కొంగులో వేసుకునేది. మేస్త్రి లెక్క తగ్గిన రోజున పిక్కలు నేల మీద గుమ్మరించి, "అబ్బయా, నువ్వు అక్షరాలతో లెక్కబెట్టావు, నేను వీటితో లెక్కబెట్టాను, రెండోసారి ఇద్దరం కలిసి లెక్కబెడదాం రా" అనేది. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని గొణుక్కునేది కూడా. ఆ మేస్త్రికి సామెతల గ్రంథం తెలియదు గానీ పిక్కలంటే భయం.

ఆ కొంగులో పిక్కలే తర్వాత పాలపొడి డబ్బాలోకి వచ్చాయి.

ఒక రాత్రి 56వ కీర్తన వచ్చింది. "నా సంచారములను నీవు లెక్కించియున్నావు, నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడి యున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా." మా ఇంట్లో బుడ్డి అంటే కిరసనాయిలు బుడ్డే. దేవుడి దగ్గర కూడా ఒక దీపం ఉందని, అందులో నూనెకు బదులు కన్నీళ్లు పోస్తారని నేను అనుకున్నాను. అదే చెప్పాను. అవ్వ నవ్వింది. తర్వాత "కవిలె అంటే?" అంది. మరునాడు బడిలో అయ్యవారిని అడిగి వచ్చి చెప్పాను, కరణాల దగ్గర ఉండే లెక్కల పుస్తకం అని. అవ్వ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె ప్రార్థనలో ఒక కొత్త మాట చేరింది. "తండ్రీ, మేస్త్రి కవిలె సంగతి నేను చూసుకుంటాను, నీ కవిలె నువ్వు చూసుకో."

విశ్వాసం గురించి నేను విన్న ప్రసంగాలు తక్కువేమీ కాదు. ఒంగోలులో ఉజ్జీవ కూటాలు, రాత్రి పన్నెండు దాకా సాగే మైకులు, అన్నీ చూశాను. కానీ నమ్మకం అంటే నా కళ్ల ముందు కదిలేది మా అవ్వ పిడికిలే. మా వైపు ఆడవాళ్లు అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, దేవుడికని విడిగా కుండలో పోస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న టైఫాయిడ్‌తో రెండు నెలలు మంచం పట్టాడు. పని లేదు, అప్పు పుట్టడం లేదు. అప్పుడు కూడా అవ్వ పిడికెడు బియ్యం తీస్తుంటే అమ్మకు ఒళ్లు మండింది. "పిల్లలకు గంజి లేదత్తా, నీ దేవుడికి ఇప్పుడు బియ్యం కావాల్నా?" అని అరిచింది. అవ్వ ఎదురు చెప్పలేదు. నాన్న లేచి పనికి పోయేదాకా పిడికిలి కాస్త బిగించి పట్టుకుంది, అంతే. తక్కువ గింజలు పట్టేటట్టు. తీయడం మాత్రం మానలేదు.

ఆమెను దేవుడు అప్పుడు అద్భుతంగా పోషించాడని రాయాలని చేతులు లాగుతున్నాయి. అట్లా ఏమీ జరగలేదు. మేము అర్ధాకలితో పడుకున్న రోజులు ఉన్నాయి. మేనమామ కొంత ఇచ్చాడు, నాన్న కోలుకున్నాడు. అవ్వ కూడా దేవుడు ఇస్తాడని ఎప్పుడూ అనలేదు. "ఆయనకు తెలుసులే" అనేది. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉందని నాకు నలభై ఏళ్లు దాటాక అర్థమైంది.

మొత్తం బైబిలులో 1,189 అధ్యాయాలు. మధ్యలో జ్వరాలు, పెళ్లిళ్లు, నా అలకలు పోను, మూడున్నరేళ్లు పట్టింది. ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలో, ఈ గ్రంథంలోంచి ఎవడైనా ఏవైనా తీసివేస్తే జీవవృక్షంలో వాడికి పాలు, అంటే వాటా, లేకుండా దేవుడు చేస్తాడన్న మాట చదువుతుంటే నా గొంతు వణికింది. అవ్వకు అర్థమైపోయింది. "పదిమందివీ మళ్లీ సదివావుగదా, పోనీలే" అని ఆఖరి పిక్క వేసింది. మరునాడు డబ్బా గుమ్మరించి, ఆదికాండము ఒకటి తెరవమంది.

మా ఇంట్లో 1878 గురించి ఒక మాట నడిచేది. అంతకు ముందు రెండేళ్లు ఘోరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కరువు ఉన్నంతకాలం ఎంత అడిగినా బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, జూలై 3న, మా గుండ్లకమ్మలోనే, వెల్లంపల్లి రేవులో, ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు నీళ్లలోకి దిగి ముంచారు. దొర స్వయంగా ఎవరినీ ముంచలేదు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. ఆ రెండువేల పైచిలుకులో అవ్వ వాళ్ల జేజి ఉందన్నది మాత్రం మా ఇంటి మాట.

అవ్వకు ఆ అంకె మీద పెద్ద మోజు లేదు. ఆమె చెప్పేది ఒకటే. "అందర్నీ పేరు పేరునా పిలిచి ముంచారంట. మా జేజి పేరు పిలిస్తే దిగిందంట. వగైరా అని ముంచలేదు."

ఒంగోలులో ప్రార్థన కొండ గురించి కూడా ఇట్లాగే అయింది. కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఆ కొండ మీద ఆరాధనకు ఒకసారి అవ్వను తీసుకెళ్లాను. అప్పటికి నేను డిగ్రీ చదువుతున్నాను. 1854 జనవరి 1న జూయెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు తెలుగువాళ్లు ఇదే కొండ మీద ప్రార్థన చేశారని మైకులో చెప్పారు. మంచులో శాలువా కప్పుకుని కూర్చున్న అవ్వ నా మోచేయి పొడిచింది. "ఆ ముగ్గురి పేర్లేంది?" నాకు తెలియదు. పక్కాయన్ని అడిగాను, ఆయనకీ తెలియదు. తర్వాత ఎప్పుడో పాత మిషను చరిత్ర ఒకటి తిరగేస్తుంటే దొరికాయి. నర్సు, జూలియా, రూతు. ఇంటికి పోయినప్పుడు చెప్పాను. అవ్వ ఆ మూడు పేర్లూ రెండుసార్లు అనుకుని, ఆ రాత్రి ప్రార్థనలో కలిపేసుకుంది. వాళ్లు ఎప్పుడో పోయారని నేను గుర్తు చేయలేదు.

నేను హాస్టలుకు పోయాక చదివే పని మా చెల్లికి వచ్చింది. దాని పెళ్లయ్యాక ఇంక చదివేవాళ్లు లేరు. నాకు అప్పటికి బ్యాంకులో ఉద్యోగం. నెలకోసారి పోయినా ఒక అధ్యాయం చదివే తీరిక లేదన్నట్టు ఉండేవాణ్ణి. అపరాధ భావం కొద్దీ టేప్ రికార్డరు, బైబిలు క్యాసెట్లు కొనిచ్చాను. ఇష్టంగానే వినేది. కానీ డబ్బాలో పిక్క వేసేది కాదు. ఎందుకని అడిగితే, "అది ఒక్క మాట గూడా వదలదురా, నిజమే. కానీ దానికి వదిలెయ్యాలని గూడా అనిపించదు గదా" అంది.

మా బ్యాంకులో వేలిముద్ర వేసేవాళ్ల అప్పు కాగితాల మీద ఒక వాక్యం ఉంటుంది. ఇందులోని విషయాలన్నీ వీరికి తెలిసిన భాషలో చదివి వినిపించాను అని. దాని కింద నేను సంతకం పెట్టాలి. ఎన్ని వందల సంతకాలు పెట్టానో. ఎన్ని చదివానో అడగొద్దు. ఒకరోజు కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె గేదె అప్పు కోసం బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద పెట్టబోతూ ఆగి, "ఏముంది నాయనా ఇందులో?" అంది.

"మామూలేనమ్మా, వడ్డీ, వాయిదాలు, వగైరా..."

నోట్లోంచి ఆ మాట వచ్చాక ఇంక కదల్లేకపోయాను. సిరా అద్దిన ఆ బొటనవేలు గాలిలో అట్లాగే ఉంది. కుర్చీ చూపించి, మొదటి పేజీ నుంచి చదివాను. నలభై నిమిషాలు పట్టింది. వెనక లైను గొణుగుతోంది, మేనేజరు గారు రెండుసార్లు గది తలుపు తీసి చూశారు. వాయిదా తప్పితే ఏమవుతుందో ఆమె మూడుసార్లు అడిగింది. చివరికి అప్పు వద్దని వెళ్లిపోయింది! ఆ తర్వాత అందరికీ అట్లాగే చదివానని చెప్పను. మార్చి నెలలో బ్యాంకు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు నన్ను అర్థం చేసుకుంటారు. కానీ చదవకుండా సంతకం పెట్టిన ప్రతిసారీ పక్కన ఒక బొటనవేలు రెండో కణుపు మీద ఆగిపోయి కనిపించేది.

ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద క్యాలెండరు ఉంది. యిర్మీయా 29:11, పువ్వుల మధ్య బంగారు అక్షరాల్లో. "సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు." డిసెంబరు 31 రాత్రి పిల్లలు తీసుకునే వాగ్దాన కార్డుల్లో కూడా తరచూ అదే వస్తుంది. మంచి మాటే, కాదనను. అవ్వ ఉంటే మాత్రం "దాని ముందేముంది?" అనేది. దాని ముందున్న పదో వచనంలో, బబులోనులో డెబ్బది సంవత్సరములు గడిచిన తరువాతనే అని ఉంది. ఆ ఉత్తరం విన్నవాళ్లలో చాలామంది తిరిగి ఇంటి ముఖం చూడలేదన్నమాట. ఆ వచనాన్ని ఎవరూ బంగారు అక్షరాల్లో వేయరు. అది కూడా చదివాక పదకొండోది నాకు ఎందుకో ఇంకా గట్టిగా అనిపిస్తుంది.

అవ్వ 2004లో పోయింది. వానాకాలం. సమాధి కార్యక్రమం అయ్యి, చుట్టాలంతా ఎక్కడివాళ్లక్కడ పడుకున్నాక, చెల్లి అటక మీద నుంచి పాలపొడి డబ్బా దించింది. అడుగున తుప్పు పట్టింది. ఇద్దరం నేల మీద గుమ్మరించి పదేసి కుప్పలు పెట్టుకుంటూ లెక్కబెట్టాం. 343. మళ్లీ లెక్కబెట్టాం. 343. చెల్లి పెళ్లయినప్పటి నుంచి ఆమె ఒక్కటి కూడా ఊరికే వేసుకోలేదు.

బైబిలు తీసి వేళ్ల మీద కలుపుకుంటూ పోయాను. రాజులు రెండో గ్రంథం అయ్యేసరికి 338. ఇంకో ఐదు. అంటే ఆగింది దినవృత్తాంతములు మొదటి గ్రంథం ఐదో అధ్యాయం దగ్గర. ఆరోది తెరిచాను. 81 వచనాలు. లేవి కుమారులు, వాళ్ల కుమారులు, వాళ్ల కుమారులు. కథ లేదు, కీర్తన లేదు, క్యాలెండరు మీద వేసుకునే వాక్యం ఒక్కటి లేదు. అన్నీ పేర్లే.

చెల్లి నా వైపు చూసింది. కరెంటు లేదు. దీపం వత్తి పెంచింది.

గెర్షోను, కహాతు, మెరారి దగ్గర మొదలుపెట్టాను. కొన్ని పేర్లు నోరు తిరగలేదు, రెండోసారి చదివాను. పక్కగదిలో ఎవరో దగ్గారు. ఆఖరి వచనం అయ్యాక చెల్లి లేచి వంటింట్లోకి వెళ్లింది. చింతపండు జాడీలో చేయి పెట్టి వెతికి ఒక పిక్క తెచ్చి, కొంగుతో తుడిచి, డబ్బాలో వేసింది.